ముందు చక్రాలు మూడు రోజులకే నల్లబడుతున్నాయి: ఎం340ఐ బ్రేక్ దుమ్ముకు ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో బీఎండబ్ల్యూ ఎం340ఐ, 21 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కొంపల్లి నుంచి గచ్చిబౌలికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రయాణం. ఆదివారం కడిగితే బుధవారానికల్లా ముందు చక్రాలు మసి పట్టినట్టు అవుతున్నాయి. సర్వీస్ సెంటర్‌లో "ఇది నార్మలే సార్" అన్నారు. డీటెయిలింగ్ షాపులో సెరామిక్ కోటింగ్ చేయించమన్నారు. స్నేహితుడేమో సెరామిక్ ప్యాడ్లు వేయించమంటున్నాడు. ఆన్‌లైన్‌లో డస్ట్ షీల్డులు అమ్ముతున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై ట్రాక్‌కు వెళ్లే అలవాటు కూడా ఉంది. వీటిలో ఏది చేయాలి?

సర్వీస్ సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పలేదండీ. కాకపోతే సగం చెప్పి ఊరుకున్నారు. బ్రేక్ ప్యాడ్లను టెస్ట్ చేసే ఉద్యోగంలో పన్నెండేళ్లు డైనమోమీటర్ పక్కన నిలబడ్డాను, ఇప్పుడు బ్రేకులు, సస్పెన్షన్ పని చేసే చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. వారానికి ఒకరైనా ఇదే ప్రశ్న అడుగుతారు. నా మాట ముందే చెప్పేస్తాను. దుమ్ము పుట్టడాన్నే తగ్గించేది ప్యాడ్ రకం, దాని తర్వాత కొంతవరకు మీ కాలు. కోటింగులు, క్లీనర్లు, షాంపూలు అన్నీ పుట్టిన దుమ్మును తేలిగ్గా వదిలించుకునే ఉపాయాలు మాత్రమే. ప్యాడ్ మారిస్తే దుమ్ముతో పాటు ఇంకొకటి కూడా తగ్గుతుంది, అది బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఉండే పట్టు. ఆ బేరం మీకు గిట్టుతుందా లేదా అన్నది తేల్చుకోవాలి.

బేరం సంగతి చూసే ముందు అసలు అది మామూలు దుమ్మేనా అని చూడండి. నాలుగు చక్రాలూ శుభ్రంగా కడిగి, వారం తిప్పి, తెల్ల గుడ్డతో ఒక్కో చక్రాన్ని ఒకే చోట తుడవండి. ముందు రెండూ ఒకేలా నల్లగా, వెనక రెండూ ఒకేలా కాస్త తక్కువగా ఉంటే కారు ఆరోగ్యంగానే ఉంది. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ముందు బ్రేకులకే పని ఎక్కువ. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ తేడా కొట్టొచ్చినట్టు ఉంటే మాత్రం ప్యాడ్ల గురించి మర్చిపోయి కాలిపర్, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌కు ప్యాడ్లను అదిమే భాగం, చూపించండి. మీ కారులో ముందు ఉన్నది నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ కాలిపర్, అందులో ఒక పిస్టన్ బిగుసుకున్నా, ప్యాడ్ తన గాడిలో ఇరుక్కున్నా ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. వెనకది స్లైడ్ పిన్ల మీద జరిగే రకం, ఆ పిన్లకు గ్రీజు ఎండిపోతే అదే కథ. ఔటర్ మీద పదిహేను ఇరవై కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా వచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు వైపుల డిస్కుల వేడి పోల్చి చూస్తే విషయం తేలిపోతుంది. చేత్తో తాకి చూడకండి, వేళ్లు కాలతాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తొస్తోంది. ఒకాయన కారు తెచ్చి "మూడు చక్రాలు నల్లగా ఉన్నాయండీ, ఈ వెనక చక్రం ఒక్కటే ఎంత బాగుందో చూడండి, మిగతావి కూడా ఇలా చేయగలరా" అని అడిగారు. ఆ ఒక్క చక్రానికి బ్రేకే పడటం లేదు. దుమ్ము మరీ ఎక్కువ ఉన్న చక్రాన్ని ఎంత అనుమానించాలో, అసలు లేని చక్రాన్ని కూడా అంతే అనుమానించాలి.

ఇక ఆ నల్లటి పొడి ఏమిటో చూద్దాం. అందరూ అది ప్యాడ్ అరిగిన పొడి అనుకుంటారు. సగం మాత్రమే నిజం. నా చేతి లెక్క ఒకటి చెబుతాను, అంచనా లెక్కే. ముందు ప్యాడ్ ఒకటి సుమారు 80 చదరపు సెంటీమీటర్లు, అరగడానికి 8 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. నాలుగు ప్యాడ్లు కలిపి 256 ఘన సెంటీమీటర్లు, బరువులో దాదాపు 700 గ్రాములు. ఇప్పుడు డిస్క్ వైపు రండి. 35 సెంటీమీటర్ల డిస్క్, పారేయాల్సిన మందానికి వచ్చేసరికి రెండు ముఖాలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు అరుగుతుంది. చూడటానికి ఏమీ కాదు, కానీ అది పోత ఇనుము. ఒక్కో డిస్క్ నుంచి ఆరు వందల గ్రాముల పైనే పోతుంది, రెండు డిస్కులకు కిలో పావు దాకా. ఒక జత డిస్కులు రెండు సెట్ల ప్యాడ్లకు వస్తాయనుకుంటే, ఒక సెట్ ప్యాడ్లు అరిగే లోపు 700 గ్రాముల ప్యాడ్ పొడి, 600 గ్రాముల ఇనుప పొడి. అందులో కొంత గాలిలో కలిసి, కొంత రోడ్డు మీద పడి, మిగిలింది మీ అల్లాయ్ వీల్స్ మీద కూర్చుంటుంది.

ఆ ఇనుమే మీకు అసలు శత్రువు. వేడిగా వచ్చి అంటుకున్న ఇనుప రేణువు మంచుకో వానకో తడిస్తే తుప్పు పడుతుంది. వాన వెలిసిన మర్నాడు చక్రం మీద నలుపు కాస్తా గోధుమరంగు చుక్కలుగా మారడం మీరు చూసే ఉంటారు. అలా నెలల తరబడి ఉంటే క్లియర్ కోట్‌లోకి, అంటే చక్రం రంగు మీది పారదర్శక పూతలోకి దిగి, తర్వాత ఏ షాంపూకీ రాదు.

ఇంత అరిగే ప్యాడ్ జర్మన్ వాళ్లు ఎందుకు పెట్టారు? వాళ్లకు దుమ్ము సంగతి తెలియక కాదు. మీ కారులో కంపెనీ నుంచి వచ్చే రకాన్ని మా పరిభాషలో లో-మెటాలిక్ అంటాం. అందులో ఉక్కు పీచు వంటి లోహాలు పదో వంతు నుంచి మూడో వంతు లోపు ఉంటాయి, దాంతో పాటు డిస్క్‌ను గీరే గట్టి రేణువులు. ఇది డిస్క్‌ను గీరుతూ ఆపుతుంది. గీరుతుంది కాబట్టే చల్లగా ఉన్నప్పుడైనా, నాలుగైదు వందల డిగ్రీల్లో ఉన్నప్పుడైనా కాలు పెట్టగానే పట్టుకుంటుంది. ఇంకో రకం ఎన్ఏఓ, అంటే ఆస్బెస్టాస్ లేని ఆర్గానిక్ ప్యాడ్. జపాన్, అమెరికా కార్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. ఉక్కు ఉండదు లేదా నామమాత్రం. ఇది మొదట తన పదార్థాన్నే డిస్క్ మీద పల్చటి పొరగా పూసి, ఆ పొర మీద తాను అతుక్కుంటూ ఆపుతుంది. డిస్క్‌ను పెద్దగా గీరదు, అందుకే ఇనుప పొడి తక్కువ. వచ్చే కాస్త పొడి కూడా లేత రంగులో ఉంటుంది, గట్టిగా అంటుకోదు. "దుమ్మే లేదు" అని అమ్మే ప్యాడ్లలో కొంత గొప్ప ఈ రంగుది కూడా. దుమ్ము ఉంటుంది, కంటికి అంతగా కనపడదు.

శక్తి లెక్క ఒక్కసారి చూస్తే జర్మన్ వాళ్ల భయం అర్థమవుతుంది. మీరూ కారూ కలిపి 1,850 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే బ్రేకులు మింగాల్సింది దాదాపు 257 కిలోజౌళ్లు. 100 నుంచి అయితే 714. 120 నుంచి అయితే 1,030 దాకా, అంటే మూడు లీటర్ల చన్నీళ్లను మరగబెట్టేంత వేడి, నాలుగైదు సెకన్లలో. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. వేగ పరిమితి లేని ఆటోబాన్ మీద 200లో వెళ్తూ, ముందు ట్రాఫిక్ ఆగిపోతే పదే పదే ఆగాల్సిన కారు కోసం చేసిన ప్యాడ్ అది. మీరు దాన్ని కండ్లకోయ టోల్ గేటు దగ్గర ఆగడానికి వాడుతున్నారు. మీకు రోజూ ఆ పట్టులో సగం కూడా అవసరం పడదు, దుమ్ము మాత్రం మొత్తం వస్తుంది. మీ చిరాకుకు కారణం ఇదే, అది న్యాయమైన చిరాకే.

ఇప్పుడు "సెరామిక్" అన్న మాట దగ్గర ఆగాలి. మీ స్నేహితుడు చెప్పిన సెరామిక్, షాపు వాళ్లు చెప్పిన సెరామిక్ ఒకటి కాదు, మూడోది ఇంకొకటి ఉంది. సెరామిక్ ప్యాడ్ అంటే సెరామిక్ పీచు కలిపిన ఎన్ఏఓ ప్యాడ్, జపాన్‌లో అకెబోనో కంపెనీ 1980లలో మొదలుపెట్టింది. ఇది మామూలు ఇనుప డిస్క్ మీదే పనిచేస్తుంది. సెరామిక్ కోటింగ్ అంటే చక్రం రంగు మీద పూసే పల్చటి గాజులాంటి పొర, దానికి బ్రేకులతో ఏ సంబంధమూ లేదు. కార్బన్ సెరామిక్ అంటే డిస్కే వేరే పదార్థం. పోర్షే 2001లో 911 జీటీ2తో పాటు రోడ్డు కార్లలోకి తెచ్చిన పసుపు కాలిపర్ల వ్యవహారం అది. తుప్పు పట్టదు, దుమ్ము చాలా తక్కువ, బరువు ఇనుప డిస్క్‌లో సగం. ధర మాత్రం అడగొద్దు. చక్రం విప్పేటప్పుడు అంచుకు తగిలి పెచ్చు లేస్తే ఒక చిన్న కారు డబ్బు పోయినట్టే. దుమ్ము కోసం దాని జోలికి వెళ్లడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

వీటి మధ్యలో ఇంకో దారి ఉంది, తెలుసుకోవడానికి బాగుంటుంది కాబట్టి చెబుతున్నాను. 2017లో వచ్చిన మూడో తరం కయెన్‌తో పోర్షే ఇనుప డిస్క్ మీదే టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేసింది. పూత మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా. డిస్క్ అరగకపోతే ఇనుప పొడి ఉండదన్నది లాజిక్. దుమ్ము 90 శాతం తగ్గుతుందని కంపెనీ చెప్పుకుంది, ఆ ధీమాతోనే కాలిపర్లకు తెల్ల రంగు వేసింది. యూరప్‌లో యూరో 7 నిబంధనలు తొలిసారి బ్రేక్ దుమ్ముకు కూడా పరిమితి పెట్టాయి, మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. అంటే రేపటి కార్లలో ఈ గోల కంపెనీ దగ్గరే తగ్గుతుంది. మీ కారు నిన్నటిది కాబట్టి మన దారి మనం చూసుకోవాలి.

ప్యాడ్ మార్చాలనుకుంటే యూరప్ కార్లకు తక్కువ దుమ్ము రకాలు ఉన్నాయి. ఏటీఈ సెరామిక్, టెక్స్‌టార్ ఈప్యాడ్, అకెబోనో యూరో, ఈబీసీ రెడ్‌స్టఫ్ ఆ కోవలోవి. మీ కాలిపర్ సైజుకు వీటిలో ఏది దొరుకుతుందో ఛాసిస్ నంబర్‌తో, పాత ప్యాడ్ మీది పార్ట్ నంబర్‌తో సరిచూసి ఆర్డర్ పెట్టండి. ఫొటో చూసి "అలాగే ఉంది" అని కొనకండి, మీ కారులోని ఎం స్పోర్ట్ బ్రేకులు మామూలు 3 సిరీస్ బ్రేకులు కావు. ప్యాడ్ వీపున ఉండే రేకు మీద సున్నాలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, పక్కన ఆర్90 అనుమతి నంబర్ ఉందేమో చూడండి. ఆ యూరప్ నిబంధన ప్రకారం బదులు ప్యాడ్ పనితీరు ఒరిజినల్‌కు 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. ఆ గుర్తు ఉందంటే ట్రాక్‌కు పనికొస్తుందని కాదు, రోడ్డు మీద మిమ్మల్ని మోసం చేయదని అర్థం. అమెరికా ప్యాడ్ల మీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పుడు, రెండోది వేడెక్కాక ఘర్షణ ఏ స్థాయిలో ఉంటుందో చెబుతుంది. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం ఇంగ్లిష్ 'ఈ' అయితే మీ కారుకు వద్దు. ఆ అక్షరాలు దుమ్ము గురించి మాత్రం ఒక్క ముక్కా చెప్పవు.

డూప్లికేట్ల గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఖరీదైన ప్యాడ్ సగం ధరకు వస్తోందంటే మిగతా సగం ఏమైందో ఆలోచించండి.

పట్టు తగ్గుతుంది అని ఊరికే అనడం కాదు, నేను స్వయంగా రుచి చూశాను. నా దగ్గర అప్పట్లో ఆక్టేవియా ఆర్ఎస్ ఉండేది. చక్రాలు తెల్లగా మెరవాలన్న మోజుతో బాగా పేరున్న ఒక తక్కువ దుమ్ము ప్యాడ్ వేసుకున్నాను. సిటీలో ఆరు నెలలు పండగే. పెడల్ మెత్తగా, శబ్దం లేకుండా, పదిహేను రోజులకు ఒకసారి కడిగినా చాలు. వికారాబాద్ అనంతగిరి కూడా వెళ్లొచ్చాను, ఏమీ తేడా తెలియలేదు. తర్వాత ఒకసారి ఐదుగురం, డిక్కీ నిండా సామాను, శ్రీశైలం ప్రయాణం. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో ముందు వెళ్తున్న బస్సు వెనక ఇరుక్కుని, గేర్ దించకుండా బ్రేక్ మీదే కాలు ఉంచి దిగాను. వృత్తి బ్రేకులు, చేసిన పని అది. సగం దారిలో కాలిన వాసన. ఆ తర్వాతి మలుపులో పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కారు మాత్రం ఆగాల్సినంతగా ఆగడం లేదు. రెండో గేర్‌లోకి దించి, ఖాళీ చోటు చూసి పక్కకు ఆపి అరగంట కూర్చున్నాం. మా అమ్మ "ఎందుకు ఆపావురా" అంటే "వ్యూ బాగుంది" అన్నాను.

అక్కడ జరిగింది ప్యాడ్ ఫేడ్. ప్యాడ్‌లోని పదార్థాలను అతికించి ఉంచే రెజిన్ తన హద్దు దాటి వేడెక్కి ఘర్షణ పడిపోయింది. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ తప్పు. పెడల్ స్పాంజిలా మెత్తబడి నేలదాకా పోతే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. ప్యాడ్ మార్చేటప్పుడు ఎలాగూ పని విప్పుతారు కాబట్టి ఫ్లూయిడ్ వయసు కూడా అడగండి.

కాబట్టి బేరం ఇలా ఉంటుంది. రోజూ ఔటర్, అప్పుడప్పుడు తిరుమల, ఏడాదిలో ఒక లాంగ్ డ్రైవ్, ఇంతే అయితే మంచి తక్కువ దుమ్ము ప్యాడ్ హాయిగా వేసుకోవచ్చు, ఘాట్ దిగేటప్పుడు గేర్ దించాలన్న ఒక్క షరతుతో. ట్రాక్ ఉందంటే అదే ప్యాడ్‌తో ట్రాక్‌లోకి మాత్రం వెళ్లకండి. చెన్నై ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టైలో స్ట్రెయిట్ చివర మీ కారు ఎంత వేగంలో ఉంటుందో మీకే తెలుసు. ల్యాప్ తర్వాత ల్యాప్ అదే చోట అదే బ్రేక్, మధ్యలో చల్లారే సమయం లేదు. నా ఘాట్ కథకు బస్సు, పక్కన ఖాళీ చోటు ఉన్నాయి, అక్కడ గోడ ఉంటుంది. మీరు రెండు సెట్ల మనిషి. రోడ్డుకు ఒకటి, ట్రాక్‌కు ఇంకొకటి.

పని చేయించేటప్పుడు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే తక్కువ దుమ్ము ప్యాడ్లు వేయించుకుని తిట్టుకునే వాళ్లలో చాలామందికి చెడింది ప్యాడ్ కాదు, ఫిట్టింగ్. ఎన్ఏఓ ప్యాడ్ డిస్క్ మీద తన పొర తాను వేసుకోవాలని చెప్పాను కదా. మీ పాత డిస్క్ మీద ఇప్పటికే లో-మెటాలిక్ ప్యాడ్ గీతలు, దాని మరకలు ఉన్నాయి. వాటి మీద కొత్త పొర అతుకులు అతుకులుగా పడుతుంది. నెల తర్వాత 80, 100 వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది, "డిస్క్ వంగింది" అంటారు. వంగేది చాలా అరుదు, పొర ఎగుడుదిగుడు కావడమే ఎక్కువ. డిస్క్ అంచు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిచి చూసి తగినంత ఉంటే డిస్క్‌ను హబ్ మీద ఉంచే స్కిమ్మింగ్, అంటే పైపొర పల్చగా చెక్కి చదును చేయడం, చేయించండి, లేదా కనీసం ఎమరీ పేపర్‌తో రెండు ముఖాలూ గరుకు చేసి, బ్రేక్ క్లీనర్‌తో తుడిపించండి. కనీస మందం దగ్గరికి వచ్చేసి ఉంటే కొత్త డిస్కులే. గాడులు ఉన్న స్లాటెడ్ డిస్కులు చూడటానికి బాగుంటాయి కానీ ఆ గాడుల అంచులు ప్యాడ్‌ను చెక్కుతూ ఉంటాయి, దుమ్ము పెరుగుతుంది. సాదా డిస్క్ అడగండి.

మీ కారుకు ముందు ఎడమ, వెనక కుడి ప్యాడ్లకు అరుగుదల చెప్పే వేర్ సెన్సర్ వైరు ఉంటుంది. కొత్త ప్యాడ్‌లో దానికి గాడి ఉందో లేదో కొనేముందే చూడాలి. వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్‌ను స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టించాలి. సి-క్లాంపుతో పిస్టన్ బలంగా వెనక్కి తోసే మెకానిక్ కనిపిస్తే మర్యాదగా తాళం చెవి తీసుకుని వచ్చేయండి, ఆ పార్కింగ్ బ్రేక్ మోటరు పోతే ప్యాడ్ల ధర గుర్తుకు కూడా రాదు. ఇంకొకటి, పాత పొడిని ఎయిర్ గన్‌తో ఊదనివ్వకండి. తడి గుడ్డ, బ్రేక్ క్లీనర్, మాస్క్. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేంత సన్నగా ఉంటుంది, పీల్చేది ఆ పని చేసే కుర్రాడే.

తర్వాత బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్‌ను డిస్క్‌కు అలవాటు చేయడం. ప్యాడ్ డబ్బా మీద కంపెనీ చెప్పిన పద్ధతి ఉంటే అదే వేదం. లేకపోతే తెల్లవారుజామున ఖాళీగా, నిటారుగా ఉండే రోడ్డు చూసుకుని, ఔటర్ మీద మాత్రం వద్దు, వెనక ఎవరూ లేరని చూసి 60 నుంచి 10కి ఆరేడుసార్లు మెల్లగా తగ్గించండి. తర్వాత రోడ్డు అనుమతిస్తే 90, 100 నుంచి 20కి ఎనిమిది సార్లు కాస్త గట్టిగా. పూర్తిగా ఆగకూడదు. వేడి డిస్క్ మీద ప్యాడ్‌ను నొక్కి పట్టి నిలబడితే ఆ చోట ప్యాడ్ అచ్చు పడిపోతుంది. ఆఖరున పది పదిహేను కిలోమీటర్లు బ్రేక్ దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు దుమ్ము మామూలు కన్నా ఎక్కువే కనిపిస్తుంది, టెన్షన్ పడి ఫోన్ చేయకండి.

కాలు విషయానికి వస్తే, పై లెక్కలే జవాబు. 120 నుంచి బ్రేక్ వేసే బదులు, ఎగ్జిట్‌కు చాలా ముందే యాక్సిలరేటర్ వదిలి 60 దగ్గర బ్రేక్ ముట్టుకుంటే ప్యాడ్ల మీద పడాల్సిన వేడిలో నాలుగింట మూడు వంతులు గాలి, ఇంజిన్ మింగేస్తాయి. మీ కారులో ఒక మెలిక ఉంది. ఎకో ప్రో మోడ్‌లో కాలు తీయగానే ఇంజిన్ విడిపోయి కారు జారుతూ పోతుంది, మైలేజీకి మంచిదే కానీ ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు, చివర్లో అదంతా ప్యాడ్లే మోయాలి. దిగుడు రోడ్ల మీద కంఫర్ట్‌లో ఉండి పాడిల్‌తో గేర్ దించండి. క్రూజ్ కంట్రోల్ కూడా దిగుడులో వేగం దాటకుండా తనంతట తాను బ్రేకులు వాడుతుంది. కాలు పెట్టలేదు, దుమ్ము ఎక్కడిది అని చాలామంది అడిగేది దీని వల్లే.

డస్ట్ షీల్డులు అన్నారు. చక్రానికీ డిస్క్‌కూ మధ్య పెట్టే పళ్లెం అది, దుమ్ము బయటికి రాకుండా ఆపుతుంది, దాంతో పాటు గాలి లోపలికి పోకుండా కూడా. 387 హార్స్‌పవర్ కారుకు బ్రేక్ చల్లారే దారి మూయడం కొరివితో తల గోక్కోవడం. వద్దు.

కోటింగ్ మాత్రం నేను కాదనను, దాని పని అది అని తెలిసి చేయించుకుంటే. చక్రాలు విప్పి లోపలి భాగం కూడా శుభ్రం చేసి వేసిన కోటింగ్ అయితే దుమ్ము అంటుకోదని కాదు, అంటుకున్నది నీళ్ల ధారకే చాలావరకు పోతుంది. విప్పకుండా బయటి ముఖానికి మాత్రమే పూస్తామంటే సగం డబ్బు దండగ. డైమండ్ కట్ చక్రాలైతే, అంటే ముఖాన్ని చెక్కి మెరిపించినవైతే, తప్పకుండా చేయించండి, వాటి మీది లాకర్ అనే పారదర్శక పూత పల్చన, ఒకసారి కిందికి తుప్పు పాకితే తెల్ల గీతల్లా వ్యాపిస్తుంది.

కడగడం గురించి ఎక్కువ చెప్పను. వేడి మీద ఉన్న చక్రానికి, డిస్క్‌కు చన్నీళ్లు కొట్టకండి, నీడలో గంట చల్లారనివ్వండి. వారానికోసారి మామూలు కార్ షాంపూ, మెత్తటి బ్రష్, చక్రాలకు విడిగా ఒక బకెట్. చక్రం తుడిచిన గుడ్డ బాడీకి తగిలితే ఇనుప పొడితో పాలిష్ చేసినట్టే. రెండు మూడు నెలలకోసారి ఐరన్ రిమూవర్, అదే ఇనుము తగలగానే ఊదారంగుగా కారే ద్రవం. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది మామూలే. ఎండిపోనివ్వకుండా నాలుగైదు నిమిషాల్లో కడిగేయాలి. రోడ్డు పక్క వాటర్ వాష్‌లో ఒక్క స్ప్రేకు తళతళలాడించే యాసిడ్ ఉంటుంది, అది మీ నీలం కాలిపర్ల రంగును, చక్రం లాకర్‌ను కూడా తినేస్తుంది. కొంపల్లి వైపు బోరు నీళ్లయితే కడిగాక తుడవకుండా వదిలితే తెల్ల మరకలు పడతాయి, నల్లవి పోయి తెల్లవి వచ్చినట్టవుతుంది. కడగడం అయ్యాక వీధి చివరిదాకా వెళ్లి నాలుగుసార్లు మెల్లగా బ్రేక్ వేసి డిస్కులు ఆరబెట్టి తెచ్చి పెట్టండి, లేకపోతే పొద్దునకి ఎర్రటి తుప్పు పొర, దాని పొడి మళ్లీ మీ చక్రం మీదే.

ఇక మీ విషయానికి. 21 వేలకు ముందు ప్యాడ్లలో ఇంకా ఎంత ఉందో కొలిపించండి. ఐదారు మిల్లీమీటర్లు ఉంటే వాటిని పారేయకండి, అవే మీ ట్రాక్ సెట్. విప్పేటప్పుడు ఏది ఎడమ, ఏది కుడి, ఏది లోపలిది, ఏది బయటిది అని వెనక రేకు మీద మార్కర్‌తో రాయించి, కొలిచిన మందం కూడా రాసి, డబ్బాలో దాచండి. ట్రాక్‌కు వారం ముందే మళ్లీ ఎక్కించి రెండు రోజులు ఔటర్ మీద తిరగండి, కొత్త ప్యాడ్ వేసిన పొరను ఇవి గీకేసి తమ బాట తాము చేసుకుంటాయి. చెన్నై నుంచి వచ్చాక మళ్లీ తక్కువ దుమ్మువి వేసి, బెడ్డింగ్ మొదటి నుంచి చేయాలి, ఆ ఓపిక లేకపోతే ట్రాక్‌కు పాత డిస్కులు కూడా విడిగా ఉంచుకోవడమే. నాలుగు మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉన్న ప్యాడ్‌తో మాత్రం ట్రాక్ గేటు దాటొద్దు. పల్చబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, అది నేరుగా పిస్టన్‌కు, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కు చేరుతుంది.